ముప్ఫై ఎనిమిదో జాయింటు

పది గంటల పదకొండు నిమిషాలకు నేను సంతకం పెట్టనన్నాను.

గదిలో పదహారుమంది ఉన్నారు. గోడ మీద పనుల పట్టికలో ఒక్క గడి తప్ప అన్నిటికీ ఆకుపచ్చ రంగు వేసేశారు. ఆ ఒక్కటీ మధ్యాహ్నం రెండింటికి పచ్చబడిపోతుందని అందరూ ధీమాగా కూర్చున్నారు. రెండో రియాక్టరు భవనంలో కింది గొయ్యి ఉంది. దాని గోడ లోపలినుంచి వెళ్ళే చల్లనీళ్ళ పైపు చుట్టూ ఇవాళ కాంక్రీటు పోస్తారు. పోశాక ఆ పైపు మొహం మళ్ళీ ఎవరూ చూడలేరు. అరవై ఏళ్ళు అది గోడలోనే ఉంటుంది.

ఆ పైపుకి నలభై జాయింట్లు. కాలు విరిగితే ఎక్స్‌రే తీసినట్టే ప్రతి వెల్డింగు జాయింటుకీ కిరణాలతో ఫిల్ము తీసి, లోపల పగులు లేదని చూపించాలి. నలభై ఫిల్ములూ బాగున్నాయన్న కాగితం నా ముందుంది. అణు విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు మెట్టుమెట్టుకీ పనులు సమీక్షించి, తర్వాతి మెట్టుకి అనుమతి ఇవ్వడమో ఆపడమో చేసే నియంత్రణ సంస్థలో ఇరవై మూడేళ్ళుగా నేను తనిఖీ అధికారిని. పట్టపగలు కూడా చేతిలో టార్చి ఉంటుంది కాబట్టి సైటులో నన్ను టార్చిలైటమ్మ అంటారు. ముందు చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు.

"ఎందుకు పెట్టవమ్మాయ్?" అన్నారు పెద్దసారు.

ఆయన మా సమీక్ష కమిటీ అధ్యక్షుడు. ఫిల్ము చదవడం, టార్చి ఏటవాలుగా పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. యాభై రెండేళ్ళ నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు. వచ్చే నెల రిటైరవుతున్నారు.

"ఈ ఫిల్ములన్నీ తీసిన టెక్నీషియను ఎక్కడ సార్? సమీక్షకి అతను ఉండాలి కదా."

"సెక్యూరిటీ గదిలో ఉన్నాడు," అంటూ కుర్చీలోంచి లేచాడు మాజీ. 

ఈ సైటుకి సెక్యూరిటీ పెద్ద అతను. పోలీసు ఉద్యోగం మానేసి పదకొండేళ్ళయినా మాట మధ్యలో మూడుసార్లు 'నేను పోలీసులో ఉన్నప్పుడు' అంటాడు. అందుకే ఆ పేరు.

"మొన్న మధ్యాహ్నం అనుమతి లేకుండా కిరణాల పెట్టె బయటికి తీశాడు. స్టోరులో కొత్త ఫిల్ము ఒకటి మాయం. పని చెడగొట్టాలనే ఉద్దేశం. నిన్న పొద్దున పట్టుకున్నాను. ఇవాళ ఐదింటికి పోలీసులకి అప్పగిస్తాను."

"అంటే అతను దొంగ."

"అనుమానమే లేదు."

"అయితే దొంగ సంతకాలు నమ్మి నన్ను అనుమతి ఇమ్మంటున్నారు. అతను దొంగైతే ఈ కాగితం చెల్లదు. కాగితం చెల్లుతుందంటే అతన్ని వదిలిపెట్టండి. రెండూ కావాలంటే కుదరదు."

ఎవరో దగ్గారు. మాజీ మొహం కందగడ్డలా అయింది. పెద్దసారు మాత్రం నవ్వారు.

"దీనికి మొండితనం నేను నేర్పలేదయ్యా, పుట్టుకతోనే వచ్చింది. సరే, వెళ్ళి చూసుకో అమ్మాయ్. రెండింటిదాకా టైముంది. అప్పటికి ఏమీ తేలకపోతే మాత్రం పోత ఆగదు."

నాకు మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలు మిగిలాయి.

పదిన్నరకి సెక్యూరిటీ గదిలో ఉన్నాను. టెక్నీషియనుకి ముప్ఫై ఏళ్ళుంటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు. మాజీ నా వెనకే వచ్చి తలుపుకి ఆనుకున్నాడు.

"నిన్నటినుంచి నోరు మెదపలేదు. నేను పోలీసులో ఉన్నప్పుడైతే..."

"ఇప్పుడు లేరుగా," అన్నాను. "బాబూ, మొన్న పెట్టె ఎందుకు తీశావు?"

అతను ఒళ్ళో ఉన్న చేతులవైపే చూసుకున్నాడు.

"ఏ జాయింటుకి తీశావు? ఆ ఫిల్ము ఏది?"

గోడకి చెప్పుకున్నట్టే ఉంది. బతిమాలడం నాకు చేతకాదు. ఫిల్ముల పట్టిక అతని ముందు పెట్టాను. జాయింటు నంబరు, తేదీ, టైము, టెక్నీషియను ముద్ర, సంతకం.

"ఇవన్నీ నీవేనా?"

అతని వేలు వరసగా కిందికి దిగింది. ముప్ఫై రెండుదాకా ఆగలేదు. ముప్ఫై మూడు దగ్గర ఆగి, పక్కనున్న గడిలోకి జరిగింది. అతను ఒక్కసారిగా నవ్వాడు. రెండు రోజుల్లో మొదటిసారి గొంతు విప్పాడు.

"పదీ నలభైకా? నేనా?"

అంతే. అనకూడనిది అన్నట్టు పెదవులు బిగించేసుకున్నాడు. కళ్ళు మాత్రం కిటికీలోంచి పైకి వెళ్ళాయి. అక్కడ ఆకాశం తప్ప ఏముందని నేను కూడా వంగి చూశాను. ఒకటో నంబరు క్రేను ఉంది.

"పదీ నలభై అయితే ఏం? పదీ నలభైకి ఎందుకు తీయకూడదు?"

"నన్ను పోలీసులకి ఇచ్చేయండి మేడమ్. నేను చెప్పేది ఏమీ లేదు."

"చూశారా!" అన్నాడు మాజీ. "ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకోలేదు. ఎవరినో దాచుకున్నాడు," అన్నాను. టెక్నీషియను ఉలిక్కిపడ్డాడు. ఆ ఒక్క కదలికతో నాకు సగం దారి కనబడింది.

పదకొండుంబావుకి ఫిల్ముల గదిలో లైటు పెట్టె వెలిగించాను. కింద దీపాలున్న గాజు పలక అది. దాని మీద ఫిల్ము పెడితే లోపలి వెల్డింగు తెల్లని కట్టులా కనిపిస్తుంది. ముందు ఫిల్ములు చూడలేదు, టైములు చూశాను. ఒకటినుంచి ముప్ఫై రెండుదాకా, నాలుగు నెలల పాటు, ఒక్కటి తప్పకుండా అన్నీ మధ్యాహ్నం ఒకటింబావుకీ ఒకటీ యాభై ఐదుకీ మధ్యే తీశాడు. భోజనాల టైము. ముప్ఫై మూడునుంచి నలభైదాకా ఎనిమిదీ ఒకే రోజు, పదీ నలభైనుంచి పదకొండున్నర మధ్య.

నాలుగు నెలలు భోజనం మానుకుని పనిచేసినవాడు ఆ ఒక్క రోజు ఎందుకు మారాడు?

ముప్ఫై మూడో ఫిల్ము పెట్టి, దాని మీద ముప్ఫై ఐదు పెట్టాను. కొంచెం తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. రెండు కట్లూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిన్న చుక్క చుక్క మీద కూర్చుంది. ముప్ఫై ఎనిమిది పెట్టాను, మిగతావీ పెట్టాను, అన్నీ అంతే. వెల్డరు చెయ్యి రెండుసార్లు ఒకేలా నడవదు. వేలిముద్రలెంతో ఇదీ అంతే. ఎనిమిది ఫిల్ములూ ఒకే ముక్కవి. ఎవరో వర్క్‌షాపులోని ఎక్స్‌రే గదిలో ఒక మంచి పైపు ముక్క పెట్టుకుని, పక్కన అతికించే సీసం అంకెలు మార్చుకుంటూ, ఎనిమిదిసార్లు తీశారు. అసలు జాయింట్ల దగ్గరికే పోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై ఏళ్ళు గోడలో ఉండే పైపు అది. 

"మాజీగారూ, ఇలా రండి. మీ కళ్ళతోనే చూడండి."

పొరపాటున మొహం మీదే ఆ పేరుతో పిలిచేశాను. అతను చూశాడు. చాలాసేపు చూశాడు. అర్థమైందని తెలుస్తూనే ఉంది, కానీ ఒప్పుకుంటే నిన్న తను పట్టుకున్న దొంగ చేజారిపోతాడు.

"వాడే తీసుంటాడు," అన్నాడు. "ముద్ర వాడిది."

"ముద్ర అలమరలో ఉంటుంది. ఎవరైనా తీయొచ్చు."

"సరే, తమరు వారం కింద ఈ కట్ట చూసి సంతకం పెట్టారు. ఇదిగో. నా దొంగ సంగతి తర్వాత, తమరి సంతకం సంగతి ఏమిటి?"

పట్టిక అడుగున నా సంతకం ఉంది. తలెత్తలేకపోయాను. నలభైలో నాలుగు చూస్తే చాలన్నది మా పద్ధతి. ఏ నాలుగో చీటీ మీద రాసి పెద్దసారు పంపుతారు, నేను చూస్తాను. ఈసారి నాలుగు, పన్నెండు, ఇరవై ఒకటి, ముప్ఫై వచ్చాయి. నాలుగూ నిఖార్సైనవి. ఐదోది తీసి చూడాలని నాకు తోచలేదు. ఇరవై మూడేళ్ళలో ఎన్నడూ తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదే," అన్నాను. "మీ రిపోర్టులో ముందు నా పేరు రాయండి. రాశాక మీ తాళాల రిజిస్టరు తెరవండి. ఎక్స్‌రే గదికి తాళం మీ దగ్గరే కదా ఉండేది?"

"నా రిజిస్టరులో ఎక్కకుండా ఆ గదిలోకి చీమ దూరదు."

"ఆ రోజు పదీ నలభైకి ఏ చీమ దూరిందో చూడండి మరి."

"దొంగ దొరికాక రిజిస్టరెందుకు?" అని విసవిసా వెళ్ళిపోయాడు.

పన్నెండూ ఇరవైకి పెద్దసారుకి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన, "బాగా పట్టుకున్నావమ్మాయ్. ఎవరితోనూ అనకు. ఫిల్ములు అక్కడే వదిలేసి భోజనానికి రా, నేను చూసుకుంటాను," అన్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. భోజనానికి మాత్రం వెళ్ళలేదు.

ఒంటిగంట సైరను మోగింది. నేను ఒకటో క్రేను మొదట్లో నిలబడ్డాను. మిగతా వాళ్ళంతా బిలబిలమంటూ దిగిపోయారు. ఈ క్రేను ఆపరేటరు మాత్రం నలభై మీటర్ల నిచ్చెన మీద ఒక్కో మెట్టే దిగుతున్నాడు. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు తెచ్చి దాని పక్కన. కుడి మోకాలు వంగడం లేదు. కిందికొచ్చేసరికి ఒకటీ పన్నెండయింది. యాభై ఏళ్ళ మనిషి, చెమటతో తడిసిపోయాడు, చేతిలో టిఫిను డబ్బా.

"లోపలున్న అబ్బాయి మీకేమవుతాడు?" అన్నాను.

"బావమరిది. మా ఆవిడ తమ్ముడు." నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమన్నాడు?"

"మీ పేరెత్తలేదు. క్రేను వైపు చూశాడు, అంతే. కిరణాల పెట్టె తెరిస్తే పైన ఎవరూ ఉండకూడదు, క్రేను ఖాళీ చేసి దిగాలి. అవునా?"

"అవునమ్మా. రూలు."

"పని మధ్యలో తెరిస్తే మీరు మధ్యలో దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మీ మోకాలికి అది కుదరదు. అందుకని మీరు ఎలాగూ దిగే భోజనం టైములోనే అతను అన్నీ తీసేవాడు. నాలుగు నెలలుగా."

ఆపరేటరు డబ్బా కింద పెట్టి, ఇసుక బస్తా మీద కూలబడ్డాడు.

"నేను అడగలేదమ్మా. వాడే మొదలుపెట్టాడు. 'బావా, నువ్వు రోజుకి రెండుసార్లు దిగితే చాలు, మూడోసారి దిగే పని లేకుండా నా పూచీ' అన్నాడు. కడుపు మాడ్చుకుని తీసేవాడు. మోకాలు సంగతి తెలిస్తే డాక్టరు నన్ను క్రేను ఎక్కనివ్వడు. ఎప్పుడూ భోజనం టైములోనే ఎందుకు తీస్తావని అడిగితే ఇది బయటపడుతుందని నోరు కుట్టుకుని కూర్చున్నాడు వెధవ!" కళ్ళు తుడుచుకున్నాడు. "జైలుకి పోతాను గానీ బావ ఉద్యోగం పోనివ్వనంటాడా? వాడి అక్కకి నేనేం మొహం చూపించను?"

"ఆ ఎనిమిది ఫిల్ముల రోజు పదీ నలభైకి మీరెక్కడున్నారు?"

"పైన. ఆ గొయ్యి మీదే. కడ్డీలు దించుతున్నాను. నా మాటెందుకు, క్రేనులో మిషనుంది, ఎప్పుడు ఎంత బరువెత్తామో అదే రాసుకుంటుంది. పదీ నలభైకీ పదకొండున్నరకీ మధ్య పదిహేడుసార్లు ఎత్తినట్టు ఉంటుంది చూడండి."

"మీరు చెబితే మీ మోకాలు సంగతి కూడా రికార్డులోకి వెళుతుంది."

"వెళ్ళనివ్వండి. రాసుకోండి. కుడి మోకాలు, మూడేళ్ళుగా." అంటూ టిఫిను డబ్బా మూత తీశాడు. పై గిన్నె ఎత్తి, అడుగున మడత పడకుండా వంచి పెట్టిన నల్లకవరు తీసి నా చేతికిచ్చాడు. "ఇది మొన్న వాడు నాకిచ్చాడు. తన పేరు మీద దొంగ ఫిల్ములున్నాయని తెలిసి, ఒక్క జాయింటైనా నిజంగా తీసి చూద్దామని తీశాడట. ఆ ఎనిమిదింటిలో చేతికందేది ముప్ఫై ఎనిమిదోదే. సమీక్షలో టార్చిలైటమ్మ చేతికే ఇస్తానన్నాడు. ఈలోపే పట్టుకుపోయారు."

ఫిల్ముని ఆకాశానికి అడ్డం పెట్టాను. తెల్లని కట్టు మధ్యలో, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, సన్నటి నల్లగీత.

లైటు పెట్టె అక్కర్లేదు. అది పగులు. అలాంటి జాయింటు గోడలో పూడ్చేస్తే, ఏదో ఒక రోజు నీళ్ళు ఆగిపోతాయి. ఆ నీళ్ళు చల్లబరచాల్సినది చల్లబడదు. ఆ రోజు ఈ ఊరు ఖాళీ చేయడానికి ఎంత టైముంటుందో నేను ఆలోచించదలచుకోలేదు.

ఒకటీ ఇరవై ఐదుకి గేటు దగ్గర కాంక్రీటు లారీల హారను వినబడింది.

"రెండింటికి కదా?" అన్నాడు ఆపరేటరు.

సిగ్నలు చూపించే మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పోత ముందుకి జరిపారు! మీ సంతకం అక్కర్లేదట మేడమ్, పెద్దసారే పెట్టేశారు!"

నేను ఫోను చేసింది పన్నెండూ ఇరవైకి. ఒక్క మనిషికే చేశాను.

ఆపరేటరు లేచి నిచ్చెన పట్టుకున్నాడు. 

"ఆ గొయ్యిలోకి పంపు గొట్టం చేరదు, బకెట్టుతోనే పోయాలి. నేను సీట్లో లేకపోతే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. నేనే ఎక్కి, లోపల గడియ పెట్టుకుని, ఖాళీ బకెట్టుని ఎవరికీ అందనంత ఎత్తున వేలాడదీస్తాను. ఎవడొచ్చి దించుతాడో చూస్తాను."

"మోకాలండీ!"

"రికార్డులోకి ఎక్కాక ఇంక దాన్ని బుజ్జగించడమెందుకమ్మా?" అని ఎడమకాలు పైమెట్టు మీద వేశాడు.

నేను గొయ్యిలోకి దిగాను. అడుగున ఇనుప కడ్డీల మధ్య పైపు ఉంది, దాని మీద సుద్దతో రాసిన ముప్ఫై ఎనిమిది ఉంది. దానికి వీపు ఆనించి కూర్చున్నాను. ఒకటీ నలభై ఎనిమిదికి పసుపుపచ్చ బకెట్టు పైకి లేచి, ఆకాశంలో ఆగిపోయింది. పైన కేకలు మొదలయ్యాయి. నాకు గట్టిగా నవ్వొచ్చింది. కాంక్రీటు కలిపాక తొంభై నిమిషాలు దాటితే పారబోయాల్సిందే. ఆ తొంభై నిమిషాలు ఇక్కడినుంచి కదలకూడదనుకున్నాను.

గొయ్యి అంచున పెద్దసారు కనిపించారు. చేతిలో వాకీటాకీ ఉంది.

"పైకి రా అమ్మాయ్. పసిపిల్ల చేష్టలేంటి?"

"ముప్ఫై ఎనిమిది పగిలింది సార్. అసలు ఫిల్ము నా దగ్గరుంది. మీరే దిగి చూడండి."

ఆయన జవాబివ్వకముందే పక్కన మాజీ వచ్చి నిలబడ్డాడు. చంకలో లావుపాటి రిజిస్టరు, వెనక టెక్నీషియను. మాజీ మొహంలో రక్తం లేదు. రిజిస్టరు తెరిచి, కోర్టులో చదివినట్టు గట్టిగా చదివాడు.

"ఎక్స్‌రే గది తాళం. ఇచ్చింది పదీ పదికి. తిరిగొచ్చింది పదకొండూ నలభై ఐదుకి. పుచ్చుకున్నది సమీక్ష కమిటీ అధ్యక్షులు, తనిఖీ నిమిత్తం." తలెత్తాడు. "సార్, ఇది తమరి సంతకమే కదా?"

నాలుగు, పన్నెండు, ఇరవై ఒకటి, ముప్ఫై. ఆ చీటీ రాసిన చేతులే ఫిల్ములు కూడా తీశాయి. నేను ఏ నాలుగు చూస్తానో తెలిసిన మనిషి ఒక్కరే, ఆ నాలుగూ నా చేతిలో పెట్టిన మనిషి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని కోపం మింగేసింది.

"నాకు చదవడం నేర్పింది మీరే కదా సార్!" అని అరిచాను. "నేను చదవనని ఎలా అనుకున్నారు?"

"ఆ ఎనిమిదీ విప్పి మళ్ళీ వేస్తే ఆరు నెలలు," అన్నారాయన, నన్ను కాదు, పట్టికని చూస్తున్నట్టు. "నేను దిగిపోయేలోగా పూర్తవుతుందని మాటిచ్చాను. ఒక్క పగులుకి ఏమీ కాదమ్మాయ్. నా సర్వీసంతా చూశాను, ఏమీ కాదు."

తర్వాత వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"రెండో క్రేనుకి పాత బకెట్టు తగిలించి నింపండి. ఇటు తిప్పండి. గొయ్యిలో ఎవరూ లేరు."

రెండో క్రేను ఆపరేటరు కూర్చున్నచోటినుంచి గొయ్యి అడుగు కనబడదు. వాకీటాకీలో ఏం వినబడితే అదే అతనికి నిజం. పొడవాటి ఇనుప చెయ్యి మెల్లగా కదిలింది. ఒకటో క్రేను గాజు గదిలోంచి ఆపరేటరు రెండు చేతులూ ఊపుతున్నాడు, అతని మాట అటు చేరడం లేదు. టెక్నీషియను "బావా!" అని అరుస్తూ ఒకటో క్రేను వైపు పరిగెత్తాడు.

నేను లేవలేదు.

నిచ్చెన చప్పుడైంది. మాజీ దిగుతున్నాడు. బరువైన మనిషి, అలవాటు లేని నిచ్చెన, చంకలో రిజిస్టరు. కిందికొచ్చి రొప్పుతూ నా పక్కన నిలబడ్డాడు.

"కాస్త జరగండమ్మా."

జరిగాను. ముప్ఫై ఎనిమిదో జాయింటుకి మిగతా సగం అతను ఆనుకున్నాడు. నిండు బకెట్టు నీడ మా కాళ్ళ మీదికి వచ్చింది. మాజీ రిజిస్టరులో కొత్త గీత గీసి, నడుముకున్న తన వాకీటాకీ తీశాడు.

"అన్ని గేట్లూ, అన్ని క్రేన్లూ రాసుకోండి," అన్నాడు. "ఒకటీ యాభై ఎనిమిది. గొయ్యిలో ఇద్దరం ఉన్నాం."